చదరంగపు గడులలో దాగిన ఇరువది అంకెల సంఖ్య

సంఖ్యలలో కొన్నింటికి చరిత్ర కలదు. కొన్నింటికి విశేష ధర్మములు కలవు. రెండును సమృద్ధిగా గల సంఖ్యలు అరుదు. అట్టి సంఖ్య నొకదానిని ఈ వ్యాసమున పాఠకుల ముందుంచుచున్నాము. అది యిది:

18446744073709551615

మన పద్ధతిలో విరామచిహ్నము లుంచి వ్రాసినచో 1,84,46,74,40,73,70,95,51,615 అగును. నోటితో చదువవలెనన్న కోట్లను రెండు మారులు తలచుకొనవలెను: ఒక లక్ష యెనుబది నాలుగు వేల నాలుగు వందల అరువది యేడు కోట్ల కోట్లు, నలుబది నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బది కోట్లు, తొంబది యైదు లక్షల ఏబది యొక వేయి ఆరు వందల పదునైదు.

ఈ సంఖ్యను ఎన్నుకొనుటకు మాకొక కారణము కలదు. దాదాపు వేయి సంవత్సరముల క్రిందట అరబ్బీ భాషలో ఒక శాస్త్రజ్ఞుడు దీనిని గణించి వ్రాసెను. తెలుగు భాషలో ఒక కవి దీనినే పద్యమున నిబంధించెను. ఇద్దరి భాషలు వేరు, లిపులు వేరు, సంఖ్యను చెప్పు పద్ధతులు వేరు. ఇరువది అంకెలు మాత్రము ఒక్కటే. ఉర్దూ, తెలుగు విద్యార్థులు కలసి చదువుకొను కళాశాల సంచికలో చెప్పదగిన విషయము ఇంతకంటె వేరేమి కలదు?

కథ, కథలోని లెక్క

చదరంగమును కనిపెట్టిన మేధావికి రాజు వరమీయబోగా, అతడు బంగారమును గాని భూములను గాని కోరక, పలకలోని మొదటి గడికి ఒక గోధుమగింజ, రెండవ గడికి రెండు, మూడవ గడికి నాలుగు, ఇట్లు గడిగడికి రెట్టించుచు అరువది నాలుగు గడులకు ఈయుమని కోరినాడను కథ మన ఇండ్లలో పిల్లలు కూడ ఎరుగుదురు. 13వ శతాబ్దమునకు చెందిన ఇబ్న్ ఖల్లికాన్ తన మహాపురుషుల చరిత్రలలో, షత్రంజ్ ఆటలో మేటియైన అస్సూలీని గూర్చి వ్రాయుచు, ఈ కథను చెప్పినాడు. అందు మేధావి పేరు సిస్సా, రాజు పేరు షిహ్రామ్.

అచ్చట ఇబ్న్ ఖల్లికాన్ చేసిన పని విద్యార్థులు గమనింపదగినది. ఇంత చిన్న పలకకు అంత ధాన్యమా యని ఆయన మొదట నమ్మలేదు. అలెగ్జాండ్రియా నగరపు గణకుడొకడు లెక్క వ్రాసి చూపిన తరువాతనే నమ్మినాడు. పదునారవ గడిలో 32,768 గింజలు వచ్చును. అవి ఈజిప్టు కొలతలో ఒక ‘ఖదహ్’ అగునని గణకుడు కొలిచి చూపెను. అక్కడినుండి రెట్టించుచు పోగా నలువదవ గడి ధాన్యము ఒక గాదెను నింపెను. ఏబదవ గడికి 1,024 గాదెలు కావలెను. అన్ని గాదెలు గలది ఒక నగరమనుకొన్నచో, కడపటి గడికి 16,384 నగరములు కావలసివచ్చెను. ఏబది నుండి అరువది నాలుగు వరకు పదునాలుగు మారులు రెట్టింపు; రెండును పదునాలుగు మారులు గుణించినచో 16,384. కథలో అతిశయోక్తి యుండవచ్చును గాని లెక్కలో లేదు.

నేటి కొలతలలో చెప్పుదము. వేయి గోధుమగింజలు సుమారు నలువది గ్రాములు తూగునని తీసికొన్నచో, మన సంఖ్యకు సరిపడు గోధుమలు సుమారు 73,800 కోట్ల టన్నులు. ఈ దశాబ్దమున ప్రపంచమంతటను ఏటా పండు గోధుమ సుమారు 80 కోట్ల టన్నులు. అనగా భూమిపై గల పొలములన్నియు తొమ్మిది శతాబ్దములకు పైగా పండించి, ఒక్క గింజయైనను తినక, రాజు ఋణము తీర్పవలెను.

అల్ బీరూనీ ఎక్కిన ఆరు మెట్లు

గింజల మొత్తమును కనుగొనుటకు అరువది నాలుగు సంఖ్యలను వ్రాసి కూడవలెనా? అక్కరలేదు. పలకపైనున్న గింజలకు మరియొక్క గింజను చేర్తుము. మొదటి గడిలోని ఒకటియు, చేర్చిన ఒకటియు కలసి రెండగును. రెండవ గడిలోని రెంటితో కలసి నాలుగగును. మూడవ గడిలోని నాలుగుతో కలసి ఎనిమిది. ఇట్లు గడి తరువాత గడిని మ్రింగుచు పోయి, తుదకు అరువది యైదవ గడి యొకటి యున్నచో అందుండవలసినన్ని గింజలగును. కాబట్టి మొత్తము గింజలు ఆ ఊహాగడిలోని సంఖ్యకంటె ఒకటి తక్కువ. రెండును అరువది నాలుగు మారులు గుణింపగా వచ్చు సంఖ్యను 2⁶⁴ అని వ్రాయుదుము. మన సంఖ్య 2⁶⁴ − 1.

క్రీ.శ. 1000 ప్రాంతమున అల్ బీరూనీ తన ‘అల్ ఆసార్ అల్ బాఖియా’ గ్రంథమున ఈ లెక్కను చేసినప్పుడు ఉపయోగించిన సూత్రములు రెండు. ఒకటి మనమిప్పుడు చెప్పుకొన్నదే: ఏ గడిలోని సంఖ్యనుండియైనను ఒకటి తీసివేసినచో దానికి ముందున్న గడులన్నింటి మొత్తము వచ్చును. రెండవది: ఒక గడిలోని సంఖ్యను దానితోనే గుణించినచో, మొదటి గడినుండి ఆ గడి ఎంత దూరమున కలదో, అంతకు రెట్టింపు దూరముననున్న గడిలోని సంఖ్య వచ్చును. మూడవ గడిలో 4. దాని వర్గము 16, అది అయిదవ గడిలోనిది. అయిదవ గడినుండి తొమ్మిదవ గడికి, తొమ్మిదినుండి పదునేడవదానికి, అచ్చటినుండి ముప్పది మూడవదానికి, అచ్చటినుండి అరువది యైదవదానికి దుముకవచ్చును. అరువది నాలుగు రెట్టింపులకు బదులు, రెండవ గడిలోని 2 నుండి బయలుదేరి ఆరు వర్గములు చేసిన చాలును:

2, 4, 16, 256, 65536, 4294967296, 18446744073709551616.

ఈ ఆరు మెట్లను పాఠకులు గుర్తుంచుకొనవలెనని మా మనవి. ఆరువందల యేండ్ల తరువాత ఫ్రాన్సు దేశమున మరియొక మహామేధావి ఈ మెట్లమీదనే కాలుజారి పడుటను మున్ముందు చూతము.

ఇంత పెద్ద సంఖ్యను చదువరి మనస్సునకు పట్టించుటకు బీరూనీ ఒక చిత్రమైన విభజన చేసినాడు. సంఖ్యను పదివేలచే భాగించి సంచులుగ కట్టెను. ఎనిమిదేసి సంచులు ఒక కంచరగాడిద బరువనెను. పదివేల గాడిదలు ఒక మంద, వేయి మందలు ఒక వాగు ఒడ్డున మేయుననెను. పదివేల వాగులు ఒక పర్వతమునుండి పుట్టుననెను. ఇట్లు చేసినచో పర్వతములు 2,305 కావలెను. ఇంతటి వస్తువును భూమి భరింపజాలదని ముగించెను. ఈ 2,305 ను కూడ పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక.

మల్లన పద్యము

బీరూనీ తన ఫలితమును హిందూ అంకెలలో వ్రాసెను. అరబ్బులు ఆ అంకెలను ‘అర్ఖామ్ హిందియ్యా’ అందురు. మన ‘శూన్యము’ వారి ‘సిఫ్ర్’ ఐనది. ఉర్దూలో నేటికిని అది ‘సిఫర్’. ఆ అంకెలు పుట్టిన దేశమున, మన తెలుగునాట, జైన గణితవేత్త మహావీరాచార్యుల ‘గణితసారసంగ్రహము’ను తెనిగించిన పావులూరి మల్లన పేర ఒక పద్యము ప్రసిద్ధమై యున్నది. చదరంగపు గడులను రెట్టించినచో వచ్చు మొత్తమును ఆ పద్యము చెప్పును.

ఛందస్సులో అంకెలు ఇముడవు గనుక పూర్వులు అంకెలకు మారుగా మాటలను వాడిరి. చంద్రుడు ఒక్కడే గనుక చంద్రవాచకములన్నియు ఒకటి. అగ్నులు మూడు. వేదములు నాలుగు, సముద్రములు నాలుగు, బ్రహ్మముఖములు నాలుగు. మన్మథుని బాణములు అయిదు. తర్కములు ఆరు. కులపర్వతములు ఏడు. దిగ్గజములు ఎనిమిది. శరీరరంధ్రములు తొమ్మిది. ఆకాశము శూన్యము. ఒకే అంకెకు అనేక పదములుండుటచే కవికి గణములు కుదుర్చుకొను వెసులుబాటు కలుగును. ఈ మాటలను ఒకట్ల స్థానమునుండి ఎడమకు వ్రాసికొనుచు పోవలెను. అట్లు వ్రాసినచో మల్లన పద్యమునుండి మన ఇరువది అంకెలు ఒక్కటియు తప్పక వెలువడును.

ఇచ్చట ఒక చిన్న విశేషమును మనవి చేయుదుము. ఉర్దూ చదువరి దృష్టి కుడినుండి ఎడమకు సాగును. సంఖ్య మాత్రము ఆ లిపిలోను మనవలెనే పెద్ద స్థానము ఎడమవైపున, ఒకట్లు కుడివైపున వ్రాయబడును. కాబట్టి అతని కంటికి ముందుగా తగులునది ఒకట్ల స్థానమే. మల్లన పద్యము నడచునదియు అదే దారి.

వ్రాతతప్పును పట్టుకొనుట

చేతివ్రాత ప్రతులలో వేయి సంవత్సరములు ప్రయాణము చేసిన ఇరువది అంకెలలో ఒక అంకె మారినను తెలియుట ఎట్లు? పద్యమైనచో గణములు, ప్రాసము కొంత కాపాడును. గణితము తన్ను తాను ఇంకను బాగుగా కాపాడుకొనును. తొమ్మిదులను త్రోసివేయు పద్ధతి నటు అరబ్బు గణకులును, ఇటు భారతీయ గణకులును ఎరుగుదురు.

మన సంఖ్యలోని అంకెలన్నింటిని కూడినచో 87 వచ్చును. 8, 7 కూడగా 15. 1, 5 కూడగా 6. అనగా సంఖ్యను 9 చే భాగించినచో శేషము 6 కావలెను. ఇప్పుడు మరియొక త్రోవలో వచ్చెదము. 2⁶ అనగా 64. దానిని 9 చే భాగింపగా శేషము 1. కాబట్టి 2⁶⁰ కును శేషము 1. మిగిలిన 2⁴ అనగా 16, దాని శేషము 7. ఒకటి తీసివేయగా 6. రెండు త్రోవలు ఒకేచోట కలిసినవి.

తొమ్మిదుల పరీక్ష ఒక అంకె తప్పును చాలవరకు పట్టును గాని రెండంకెలు తారుమారైనచో పట్టజాలదు. దానికి పదునొకటి పరీక్ష కావలెను. కుడినుండి అంకెలను ఒకటి విడిచి ఒకటి కూడుచు, తీసివేయుచు పోయినచో 37 వచ్చును. 11 చే భాగింపగా శేషము 4. రెండవ త్రోవలో, 2¹⁰ అనగా 1024, దాని శేషము 1. 2⁶⁰ కును 1. 2⁴ కు 5. ఒకటి తీసివేయగా 4. ప్రక్కప్రక్కనున్న రెండు వేరు వేరు అంకెలు తారుమారైనచో ఈ లెక్క తప్పక చెడును. కాగితము, కలము తప్ప వేరు సాధనము లేని విద్యార్థి ఈ సంఖ్యను తానే విచారించి తీర్పు చెప్పవచ్చును. ఏ గ్రంథమున నున్నదో, ఎవరు చెప్పిరో చూడనక్కరలేదు.

కారణాంకములు: ఫెర్మా పొరపాటు

ఇక సంఖ్యను విడదీయుదము. ఒక వర్గమునుండి ఒకటి తీసివేసినచో, ఆ వర్గమూలమునకు ఒకటి చేర్చినదియు, ఒకటి తగ్గించినదియు దాని కారణాంకములగునని ఉన్నత పాఠశాలలో నేర్చుకొన్నాము. 2⁶⁴ అనునది 2³² యొక్క వర్గము. కాబట్టి మన సంఖ్య (2³² + 1), (2³² − 1) ల లబ్ధము. ఈ రెండవది మరల (2¹⁶ + 1), (2¹⁶ − 1) ల లబ్ధము. ఇట్లే దిగుచు పోయినచో

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

వచ్చును. ఇవి యేవి? బీరూనీ ఎక్కిన మెట్లలో తొలి ఆరింటికి ఒక్కొక్కటి చేర్చిన సంఖ్యలే.

ఫ్రాన్సు దేశపు న్యాయవాది పియెర్ ద ఫెర్మా 1640లో ఈ సంఖ్యలను చూచెను. 3, 5, 17, 257, 65537 అయిదును ప్రధాన సంఖ్యలు. అనగా ఒకటితోను, తమతోను తప్ప మరి దేనితోను భాగింపబడనివి. ఈ వరుసలోని సంఖ్యలన్నియు ప్రధానములేయని ఆయన విశ్వసించెను. నిరూపణ తనకు చిక్కలేదని ఒప్పుకొనియు, విశ్వాసమును విడువలేదు.

1729లో గోల్డ్‌బాహ్ అను పండితుడు ఈ విషయమును యువకుడైన ఆయిలర్‌కు లేఖలో వ్రాసెను. 1732లో ఆయిలర్ ఆరవ సంఖ్యయగు 4294967297 ను 641 నిశ్శేషముగా భాగించునని చూపెను:

4294967297 = 641 × 6700417.

దీనిని పెద్ద భాగహారము చేయకయే చూడవచ్చును. 641 అనగా 640 + 1, అనగా 5 × 2⁷ + 1. కాబట్టి 5 × 2⁷ ను 641 చే భాగించినచో ఒకటి తక్కువపడును. దానిని నాలుగు మారులు గుణించినచో, తక్కువ ఎక్కువై, 5⁴ × 2²⁸ నుండి ఒకటి తీసివేసినచో 641 చే నిశ్శేషమగును. మరియు 641 అనగా 625 + 16, అనగా 5⁴ + 2⁴. దీనిని 2²⁸ చే గుణింపగా 5⁴ × 2²⁸ + 2³² వచ్చును; ఇదియు 641 చే నిశ్శేషమగును. రెండవదానినుండి మొదటిదానిని తీసివేయుడు: మిగులునది 2³² + 1. అదియు 641 చే నిశ్శేషము కాక తప్పదు.

641 ను ఎట్లు ఊహింపగలిగిరని విద్యార్థులు అడుగవచ్చును. 2³² + 1 ను భాగించు ప్రధాన సంఖ్య ఏదైనను, 64 యొక్క గుణిజమునకు ఒకటి చేర్చినదే కావలెనని ఆయిలర్ తరువాత నిరూపించెను. చదరంగపు 64 ఇచ్చట మరల ఎదురైనది. అట్టి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అయిదవ ప్రయత్నముననే తాళము తెరచుకొనును. ఫెర్మా అంతటివాడు ఈ అయిదు భాగహారములు సరిగా చేసి యున్నచో తన విశ్వాసమును విడిచియుండెడివాడు.

అటు పిమ్మట ఈ వరుసలో పరీక్షింపబడిన సంఖ్యలను చూడుడు. 2³² + 1 మొదలుకొని వరుసగా ఇరువది ఎనిమిది సంఖ్యలు సంయుక్తములేయని తేలినది. ఫెర్మాకు తెలిసిన అయిదు ప్రధాన సంఖ్యలకు ఆరవది నేటివరకు చేరలేదు. అయిదు ఉదాహరణములు నిజమైనంత మాత్రమున ఆరవది నిజము కాదనుటకు ఇంతకంటె గొప్ప పాఠము గణితశాస్త్రమున అరుదు.

ఏ తరగతికి చెందినది?

మన సంఖ్య పూర్తి విభజనము ఇది:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417.

ఏడు ప్రధాన కారణాంకములు. ఏదియు రెండవ మారు రాలేదు. ఇది యాదృచ్ఛికము కాదు. 3 కు 2 చేర్చినచో 5. 3 × 5 కు 2 చేర్చినచో 17. 3 × 5 × 17 కు 2 చేర్చినచో 257. ఇట్లు ఫెర్మా వరుసలోని ప్రతి సంఖ్యయు ముందటివాని లబ్ధముకంటె రెండు ఎక్కువ. రెండు సంఖ్యలకు ఉమ్మడి భాజకమున్నచో అది 2 ను కూడ భాగింపవలెను. సంఖ్యలన్నియు బేసివి గనుక అట్టి భాజకము లేదు. ఇక 641, 6700417 లు వేరువేరు సంఖ్యలని చూచుచునే యున్నాము.

ఇప్పుడు వర్గీకరణము చేయుదము.

మొదటిది, ఇది బేసి సంఖ్య, సంయుక్త సంఖ్య. ఏ ప్రధాన కారణాంకపు వర్గముచేతను భాగింపబడదు గనుక వర్గరహిత సంఖ్య. ఏడు కారణాంకములలో ప్రతిదానిని తీసికొనుటయో, విడుచుటయో చేయవచ్చును గనుక దీనికి మొత్తము 2⁷, అనగా 128 భాజకములు కలవు.

రెండవది, ఇది న్యూన సంఖ్య. ఒక సంఖ్యను, తన్ను తప్ప తక్కిన భాజకముల మొత్తముతో పోల్చి, మొత్తము తక్కువైనచో న్యూనమనియు, ఎక్కువైనచో అధికమనియు, సమమైనచో పరిపూర్ణమనియు మూడు తెగలుగా విభజించుట గ్రీకు పండితుడు నికోమాఖస్ నాటిది. ఆయన గ్రంథమును 9వ శతాబ్దమున సాబిత్ ఇబ్న్ ఖుర్రా అరబ్బీలోనికి అనువదించెను. 6 పరిపూర్ణము, ఏలన 1 + 2 + 3 = 6. మన సంఖ్య భాజకముల మొత్తము సంఖ్యలో నూటికి 70 పాళ్ళకు మించి కొంచెము మాత్రమే. 127 భాజకములుండియు న్యూనమే. భాజకముల గణనము వేరు, వాని బరువు వేరు.

మూడవది, ఇది వర్గము కాదు. రెండు వర్గముల మొత్తమును కాదు. మూడు వర్గముల మొత్తమును కాదు. ఏలన 8 చే భాగించినచో శేషము 7 వచ్చు ఏ సంఖ్యయు మూడు వర్గముల మొత్తము కాజాలదు. మన సంఖ్య చివరి మూడంకెలు 615; 8 చే భాగింపగా శేషము 7. నాలుగు వర్గములు మాత్రము ఏ సంఖ్యకైనను చాలునని 1770లో లగ్రాంజ్ నిరూపించెను. కాబట్టి దీనికి సరిగా నాలుగు కావలెను.

నాలుగవది, ఇది హర్షద్ సంఖ్య కాదు. తన అంకెల మొత్తముచే నిశ్శేషముగా భాగింపబడు సంఖ్యకు హర్షద్ అను పేరు పెట్టినవాడు దేవలాలీలో ఉపాధ్యాయుడుగ పనిచేసిన కాప్రేకర్. మన అంకెల మొత్తము 87, అనగా 3 × 29. మూడు కలదు గాని ఇరువది తొమ్మిది మన కారణాంకములలో లేదు.

అయిదవది, ఇది త్రిభుజ సంఖ్య కాదు. 1, 3, 6, 10 వలె గింజలను త్రిభుజాకారముగా పేర్చదగిన సంఖ్యలను త్రిభుజ సంఖ్యలందురు. ఒక సంఖ్య అట్టిదగుటకు, దాని యెనిమిది రెట్లకు ఒకటి చేర్చినది వర్గము కావలెను. మన సంఖ్యకు అట్లు చేయగా 2⁶⁷ − 7 వచ్చును. ఇది చూడగానే శ్రీనివాస రామానుజన్ స్మరణకు వచ్చును. 2 యొక్క ఘాతమునుండి 7 తీసివేయగా వర్గము మిగులునట్టి ఘాతములు 3, 4, 5, 7, 15 అని చెప్పి, ఇతరములున్నచో కనుగొనుడని 1913లో భారత గణిత సంఘ పత్రికలో ఆయన ప్రశ్న వేసెను. ఇతరములు లేవని 1948లో నార్వే దేశపు నాగెల్ నిరూపించెను. 67 ఆ జాబితాలో లేదు. చదరంగపు భాషలో చెప్పవలెనన్న, మొదటి ఒక గడి, రెండు గడులు, నాలుగు గడులు, పండ్రెండు గడులు, వీని మొత్తములగు 1, 3, 15, 4095 మాత్రమే త్రిభుజములుగా పేర్చవచ్చును. పండ్రెండవ గడి దాటిన తరువాత పలకను ఎంత పొడిగించినను మరల ఆ భాగ్యము లేదు.

పలకలో కొంత భాగము

పూర్తి పలకకంటె దాని భాగములు కొన్ని ఇంకను విచిత్రములు.

సగము పలకను, అనగా మొదటి ముప్పది రెండు గడులను తీసికొందము. గింజలు 4294967295, ఇది 3 × 5 × 17 × 257 × 65537. ఫెర్మా నమ్మకమును నిలబెట్టిన అయిదు ప్రధాన సంఖ్యల లబ్ధమిది. 1796లో పందొమ్మిదేండ్లు నిండని గౌస్, కొలబద్ద, వృత్తలేఖిని మాత్రమే ఉపయోగించి పదునేడు భుజముల క్రమబహుభుజిని నిర్మింపవచ్చునని కనుగొనెను. భుజముల సంఖ్య బేసియైనప్పుడు అది వేరువేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధమైనచో నిర్మాణము సాధ్యమని ఆయన సిద్ధాంతము. కానిచో అసాధ్యమని 1837లో వాంట్జెల్ నిరూపించెను. కాబట్టి మనకు తెలిసినంతలో అట్లు నిర్మింపదగిన బేసి బహుభుజులలో పెద్దదాని భుజముల సంఖ్య సగము పలకలోని గింజల సంఖ్యయే. పూర్తి పలకకు ఆ యోగ్యత లేదు. 641, 6700417 లు అడ్డుపడినవి.

ఇక మూడు గడులు విడిచి అరువది యొక గడులను మాత్రము తీసికొందము. గింజలు 2305843009213693951. మెర్సెన్ 1644లో ప్రకటించిన జాబితాలో 61 లేదు. కాని 1883లో రష్యా దేశపు పూజారి పెర్వూషిన్ ఈ సంఖ్య ప్రధానమని నిరూపించెను. ఒకటినుండి రెట్టించుచు పోయి మొత్తము ప్రధాన సంఖ్యయైనచో, ఆ మొత్తమును కడపటి పదముచే గుణింపగా పరిపూర్ణ సంఖ్య వచ్చునని యూక్లిడ్ ఎప్పుడో చెప్పినాడు. కాబట్టి అరువది యొక గడుల మొత్తమును అరువది యొకటవ గడిలోని గింజలచే గుణించినచో పరిపూర్ణ సంఖ్య సిద్ధించును. 128 భాజకములు గల సంఖ్యకు మూడు గడుల ముందే, ముక్కలు కాని సంఖ్య యొకటి నిలిచియున్నది.

ఆ సంఖ్య మొదటి నాలుగంకెలను చూడుడు: 2305. బీరూనీ లెక్కించిన పర్వతములు అన్నే. ఇదియు యాదృచ్ఛికము కాదు. ఆయన సంచులను ఎనిమిదేసిగ కట్టినప్పుడు 2⁶⁴ లోని మూడు రెట్టింపులు తొలగి 2⁶¹ మిగిలినది. తక్కిన భాగహారములన్నియు పదివేలు, వేయి. అవి సున్నలను తుడుచునే గాని అంకెలను మార్చవు.

నేటి ఉపయోగము

1883లోనే ఫ్రాన్సు దేశపు లూకా అను గణితవేత్త ఒక ఆటను ప్రచురించెను. మూడు కడ్డీలు, పెద్దదానిపై చిన్నది అమరిన బిళ్ళలు. ఒక్కొక్క మారు ఒక్కొక్క బిళ్ళను మాత్రమే కదల్చవలెను. పెద్దదానిని చిన్నదానిపై ఉంచరాదు. బిళ్ళ యొకటి పెరిగినచో కదలికలు రెట్టింపై మరియొకటి చేరును: 1, 3, 7, 15. ఆ ఆటతో పాటు వ్యాపించిన కట్టుకథలో కాశీ ఆలయమున అర్చకులు అరువది నాలుగు బంగారు బిళ్ళలను కదల్చుచుందురట; పని పూర్తియైననాడు ప్రపంచము అంతమగునట. కదలికలు మన సంఖ్యయే. క్షణమున కొకటి, అనగా సెకనుకు ఒకటి చొప్పున కదల్చినను సుమారు 58,450 కోట్ల సంవత్సరములు పట్టును. విశ్వము వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరములు మాత్రమే. కథ విని భయపడినవానికి లెక్క ధైర్యము చెప్పును.

రెండు అంకెలతోనే వ్రాయు ద్విసంఖ్యామానమున మన సంఖ్య అరువది నాలుగు ఒకట్ల వరుస. నేటి కంప్యూటర్లు అరువది నాలుగు బిట్లను ఒక మాటగా తీసికొనును. ఋణచిహ్నము లేని సంఖ్యలలో అట్టి మాటలో ఇముడు మిక్కిలి పెద్ద సంఖ్య ఇదియే. దానికి ఒకటి చేర్చినచో అరువది నాలుగు స్థానములును సున్నలై, యంత్రము మరల మొదటికి వచ్చును. గింజలతో పుట్టిన సంఖ్య నేడు ప్రతి విద్యార్థి చేతిలోని యంత్రమునకు పొలిమేరరాయి.

ముగింపు

ఇబ్న్ ఖల్లికాన్ గణకుడు చూపువరకు నమ్మలేదు. ఆయన చేసినది సరియైన పని. ఫెర్మా చూడక నమ్మెను. ఎంతటి మేధావియైనను పొరబడెను. ఈ రెండు ఉదాహరణములు మన విద్యార్థులకు చాలును. ఉపాధ్యాయుడు చెప్పినందున గాని, పుస్తకమున అచ్చైనందున గాని ఒక సంఖ్య నిజము కాదు. అరబ్బీలో వ్రాసినను, తెలుగున పద్యము చెప్పినను, లెక్క సరిపోయినప్పుడే నిజము. లెక్క సరిపోయినచో ఎవరు వ్రాసినను అది అందరిది.

చదువరులకొక చిన్న పని అప్పగించి సెలవు తీసికొందుము. బీరూనీ ఆరవ మెట్టునకు ఒకటి చేర్చినచో 18446744073709551617 వచ్చును. ఇదియు ప్రధానము కాదని, 274177 దీనిని భాగించునని 1880లో ఎనుబది రెండేండ్ల వృద్ధుడు లాండ్రీ చూపెను. రెండవ కారణాంకము 67280421310721. ఉర్దూ విద్యార్థి యొకడు, తెలుగు విద్యార్థి యొకడు ప్రక్కప్రక్కన కూర్చుండి, ఒకరి కాగితము నొకరు చూడక, ఈ గుణకారమును చేసి చూతురు గాక. ఇద్దరికిని ఒకే ఫలితము వచ్చినచో మా వ్యాసము సఫలమైనట్లే. వేరువేరు ఫలితములు వచ్చినచో తొమ్మిదుల పరీక్ష కలదు గదా!